మొగ్గ కొమ్మలు ఇంట్లో విచ్చుకోవాలంటే?

మల్లేశ్వరంలో ఉంటాం. ఓనరు ఆంటీ దేవగన్నేరు కొట్టిస్తుంటే మొగ్గలున్న కొమ్మలు మూడు తెచ్చి ఇత్తడి బిందెలో పెట్టా. రెండో రోజుకే రాలిపోయాయి! అమెరికాలో మా అక్క ఫిబ్రవరిలో ఫోర్సిథియా అనే పూలపొద పుల్లలు నీళ్లలో పెడితే కొన్నాళ్లకే పసుపు పూలు. నాకేంటి ఇలా?

— ఫోర్సిథియా చలికి నిద్రపోయి, ఇంటి వెచ్చదనానికి లేస్తుందండీ. దేవగన్నేరు కథ వేరు. కోయగానే పాలు కారి నీళ్లెక్కే దారి మూసుకుపోతుంది. చివర ఏటవాలుగా కోసి, అర నిమిషం వేడినీళ్లలో ముంచి, ఆ తర్వాత బిందెలో పెట్టండి. నీళ్లు రోజూ మార్చాలి. పాలు కంట్లో పడకుండా జాగ్రత్త.

— ఫ్యాన్ కింద పెట్టారా? మామిడి పూత కొమ్మ ట్రై చేయండి, వాసన అదిరిపోతుంది. చీమలూ వస్తాయనుకోండి.

— ఫ్యాన్ కిందే పెట్టా, ఛ! రేపు ఆంటీని ఇంకో కొమ్మ అడుగుతా.