బేకరీ ఈస్టు మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు: బరంపురం, రాయగడ, కోరాపుట్ వైపు ఎవరైనా చేశారా?

బరంపురం_అమ్మాయి:
అందరికీ నమస్తే. మాది గంజాం జిల్లా, ఎమ్మెస్సీ బయోటెక్ చదువుతున్నాను. ఫైనల్ ప్రాజెక్టు బేకర్స్ ఈస్ట్ మీద చేయాలని ఉంది. క్లాసులో చాలామంది "క్యాన్సర్ కణాల మీద చెయ్, రొట్టెల ఈస్టులో ఏముంది" అంటున్నారు, మా నాన్నదీ అదే మాట. మన వైపు కాలేజీల్లో, కరెంటు కోతల మధ్య నిజంగా ఈస్టుతో పని చేసినవాళ్లుంటే చెప్పండి. స్ట్రెయిన్ (ఈస్టులో ఒక నిర్దిష్ట రకం) ఎక్కడ దొరికింది, ఏ ప్రశ్న పెట్టుకున్నారు, ఎక్కడ ఆగిపోయారు, అన్నీ కావాలి. చాలా టెన్షన్‌గా ఉంది.

రాయగడ_అక్క:
చెల్లీ, నేను గుణుపురంలో డిగ్రీ చేసి ఇప్పుడు హైదరాబాద్‌లో ఈస్టు మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను. నాన్నగారికి ముందు ఈ సంగతి చెప్పు. క్యాన్సర్ అంటే కణం ఆగాల్సిన చోట ఆగకుండా విడిపోవడమే కదా, అసలు ఆపేదెవరు, నడిపేదెవరు అన్నది మొదట బయటపడింది ఈ ఈస్టులోనే. లీలాండ్ హార్ట్‌వెల్ 1970ల మొదట్లో కొన్ని మ్యూటెంట్లను, అంటే ఏదో ఒక జన్యువు మారిపోయిన ఈస్టులను ఏరాడు. అవి మామూలు వేడిలో బాగానే పెరుగుతాయి, వేడి కాస్త పెంచితే విభజన మధ్యలో ఆగిపోతాయి. ఈస్టు మొగ్గ తొడిగి పెరుగుతుంది, కాబట్టి మొగ్గ ఎంతుందో చూస్తే కణం ఏ దశలో ఉందో మామూలు మైక్రోస్కోపులోనే తెలిసిపోతుంది. ఆయనకు 2001లో నోబెల్ వచ్చింది. కణం లోపల సరుకు ఎలా రవాణా అవుతుందో చూపించిన రాండీ షెక్‌మన్ (2013), పాడైన భాగాలను కణం తనే ఎలా అరగదీసుకుంటుందో కనిపెట్టిన యొషినోరి ఒసుమి (2016), ఇద్దరూ పని మొదలుపెట్టింది ఈ ఈస్టు మ్యూటెంట్లతోనే.

ఇంకోటి, ఇది నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. 2015లో టెక్సాస్ శాస్త్రవేత్తలు, ఈస్టు బతకడానికి తప్పనిసరైన 414 జన్యువులను ఒక్కొక్కటిగా తీసేసి వాటి స్థానంలో మనిషి జన్యువు పెట్టి చూశారు. దాదాపు సగం సందర్భాల్లో ఈస్టు బతికింది! మనకీ దానికీ ఉమ్మడి పూర్వీకులు విడిపోయి వంద కోట్ల సంవత్సరాలు అయినా సరే.

జయపురం_ల్యాబ్:
కోరాపుట్ జిల్లాలో ఒక కాలేజీ ల్యాబులో టెక్నీషియన్‌ని. జంతు కణాలకైతే కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్, లిక్విడ్ నైట్రోజన్ కావాలి, రాత్రి కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే తెల్లారేసరికి మొత్తం పోయినట్టే. ఈస్టుకి ఆ భయం తక్కువ. 30 డిగ్రీల్లో, మంచి మీడియాలో (ఈస్టుకి పెట్టే తిండి) గంటన్నరకోసారి రెట్టింపవుతుంది. కరెంటు పోతే పెరుగుదల నెమ్మదిస్తుంది కానీ చచ్చిపోదు. అగర్ స్లాంట్ (ట్యూబులో వాలుగా గడ్డకట్టించిన మీడియా) మీద ఫ్రిజ్‌లో నెలల తరబడి ఉంటుంది.

మీడియా ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 1 శాతం, పెప్టోన్ 2, గ్లూకోజ్ 2, ప్లేట్లకైతే అగర్ 2 కలపాలి. ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములను చంపే యంత్రం) రిపేరులో ఉంటే పెద్ద ప్రెషర్ కుక్కర్‌తో నడిపించవచ్చు, ప్రెషర్ పూర్తిగా వచ్చాక 20 నిమిషాలు ఉంచాలి. పెరుగుతున్న ట్యూబులకి మాత్రం మూత గట్టిగా బిగించొద్దు తల్లీ, గ్యాస్ నిండి పగులుతాయి.

బరంపురం_అమ్మాయి:
చాలా థాంక్స్ అన్నా. షాపులో దొరికే ప్యాకెట్ ఈస్టుతో చేయొచ్చా?

పర్లాకిమిడి_మాస్టారు:
అమ్మా, హైస్కూల్లో సైన్స్ చెబుతాను, పిల్లలతో ప్యాకెట్ ఈస్టే వాడతాను. బతికిన కణం, చచ్చిన కణం చూపించడానికి మిథిలీన్ బ్లూ ఒక చుక్క చాలు, చచ్చినవి నీలంగా ఉంటాయి, బతికినవి తెల్లగానే ఉంటాయి. ఆ నీలం, తెలుపు చూడ్డానికి పిల్లలు మైక్రోస్కోపు దగ్గర కొట్టుకుంటారు.

రాయగడ_అక్క:
బడికి మాస్టారు చెప్పింది సరిగ్గా సరిపోతుంది. ఎమ్మెస్సీకి మాత్రం ప్యాకెట్ ఒక్కటే చాలదు. బేకరీ స్ట్రెయిన్లలో క్రోమోజోమ్ సెట్లు తరచుగా రెండు కంటే ఎక్కువ ఉంటాయి, అందుకని ఒక జన్యువు చెడినా ప్రభావం బయటపడదు, క్రాసులు (రెండు స్ట్రెయిన్లను కలపడం) కుదరవు. ప్యాకెట్లో బ్యాక్టీరియా కూడా కొంత ఉంటుంది. చండీగఢ్‌లో సూక్ష్మజీవులను భద్రపరిచి ఇచ్చే ఎంటీసీసీ అనే సంస్థకి కాలేజీ తరఫున రాస్తే పేరూ నంబరూ ఉన్న స్ట్రెయిన్ పంపుతారు. ఎస్288సి అనే ల్యాబ్ స్ట్రెయిన్‌దైతే జన్యుక్రమం 1996లోనే పూర్తయింది. కోటీ ఇరవై లక్షల డీఎన్ఏ అక్షరాలు, సుమారు 6,000 జన్యువులు, కేంద్రకం ఉన్న జీవుల్లో మొదట చదివింది దీన్నే.

కోరాపుట్_హెల్త్:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. నేను ఊళ్లలో తిరిగే హెల్త్ వర్కర్‌ని. మా వైపు మలేరియా, సికిల్ సెల్ చూసి చూసి అడుగుతున్నాను, వీటికి ఈస్టు ఏమైనా చేస్తుందా? లేకపోతే చదువుకునేవాళ్లకే ఉపయోగమా?

రాయగడ_అక్క:
అడగాల్సిన ప్రశ్నే అన్నయ్యా. సికిల్ సెల్ విషయంలో ఈస్టు పెద్దగా చెప్పలేదు. అది ఎర్ర రక్తకణం ఆకారం, రక్తనాళం, అవయవాల సమస్య, ఒంటి కణపు జీవికి అవేవీ లేవు. నరాల జబ్బుల్లో కూడా ఒక ప్రోటీన్ ఎలా ముద్దకడుతుందో ఈస్టులో చూడొచ్చు, ఆ తర్వాత మనిషికి ఏమవుతుందో చూడలేం. ఈ హద్దు థీసిస్‌లో రాయకుండా వదిలేసేవాళ్లంటే నాకు కోపం.

మలేరియాకి మాత్రం చేసింది. ఆర్టెమిసినిన్ మందు ఒక మొక్క నుంచి వస్తుంది. జే కీస్లింగ్ బృందం ఆ మొక్క జన్యువులను ఈస్టులో పెట్టి, మందుకి ముందు దశలో ఉండే ఆమ్లాన్ని 2006లో తయారు చేయించింది. 2013కల్లా లీటరుకి 25 గ్రాముల దాకా వచ్చింది. ఆ తర్వాత మొక్క నుంచి తీసిందే చవకైపోవడంతో ఫ్యాక్టరీ దారి నిలబడలేదు. దారి ఉందని తెలియడం కూడా చిన్న విషయం కాదనే నేననుకుంటాను.

ఇంకా దగ్గరిది, హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్ బి టీకా. అది పికియా అనే మరో ఈస్టులో తయారైంది.

కోరాపుట్_హెల్త్:
ఆ టీకా పిల్లలకి వేయిస్తూనే ఉంటాం, ఈస్టులోంచి వస్తుందని తెలియదమ్మా. మరి మా జీలుగు కల్లులో ఉండేది కూడా ఈస్టేనా? ఇక్కడ సల్ప అంటాం, పొద్దున తీసింది సాయంత్రానికే పులుస్తుంది.

రాయగడ_అక్క:
అవును, తాటి జాతి కల్లుల్లో ఈ ఈస్టు మామూలుగానే ఉంటుంది, దానితో పాటు వేరే ఈస్టులూ బ్యాక్టీరియా కూడా. చెల్లీ, నీ ప్రశ్న ఇక్కడే ఉందేమో చూడు. మైటోకాండ్రియా (కణానికి శక్తి తయారుచేసే భాగం) చెడిన ఈస్టు కణాలను పెటైట్లు అంటారు. 1940ల చివర్లో ఫ్రాన్స్‌లో బోరిస్ ఎఫ్రుస్సీ బేకరీ ఈస్టులోనే వాటిని గుర్తించాడు. చిన్న కాలనీలు కడతాయి, గ్లూకోజ్ మీద బతుకుతాయి, గ్లిసరాల్ మీద పెరగవు. ఎస్288సి రకంలో ఇవి అడవి ఈస్టుల కంటే ఎక్కువగా పుడతాయి, వేడి పెరిగితే ఇంకా పెరుగుతాయి. సల్ప నుంచి తీసిన ఈస్టు, ల్యాబ్ ఈస్టు పక్కపక్కన పెట్టి 30, 37 డిగ్రీల్లో పెటైట్ల శాతం లెక్కపెట్టు. గ్లూకోజ్ ప్లేటు, గ్లిసరాల్ ప్లేటు, ఒక కౌంటర్ ఉంటే పని జరుగుతుంది.

జయపురం_ల్యాబ్:
గ్లిసరాల్ మెడికల్ షాపులోనే దొరుకుతుంది. కల్లు నుంచి తీసిన కాలనీ నిజంగా సెరెవిసియేనా (బేకరీ ఈస్టు శాస్త్రీయ నామం) కాదా అన్నది మాత్రం డీఎన్ఏ సీక్వెన్సింగ్‌కి పంపించాకే రాయాలి, మైక్రోస్కోపులో గుండ్రంగా ఉన్నంత మాత్రాన కాదు. దానికి డబ్బు ముందే గైడుతో మాట్లాడి పెట్టించుకో.

బరంపురం_అమ్మాయి:
సోమవారం గైడు గారికి ఇదే చూపిస్తాను అక్కా. కోరాపుట్ అన్నయ్యా, సల్ప శాంపిల్ చెట్టు దగ్గరే శుభ్రమైన ట్యూబులో తీసుకోవాలి, గీసేవాళ్లని అడిగి పెడతారా? ట్యూబులు నేనే పంపుతాను.

కోరాపుట్_హెల్త్:
పంపమ్మా. మా దిగువ ఊళ్లో గీసే తాత ఉన్నాడు, అడుగుతాను. ఏం కనిపించిందో ఆయనకి కూడా చెప్పాలి మరి.