టాప్ లేని జీపులో వెనక స్పీకర్లు: నీళ్లు ఎటునుంచి దూరతాయి?

మట్టిబాట:
హుడ్ లేని బండి. వెనక రోల్ బార్ మీద పాడ్‌లలో (స్పీకర్ తొడుగుల్లో) 6.5 అంగుళాల కోయాక్సియల్ (మధ్యలోనే ట్వీటర్ ఉండే) స్పీకర్ల జత బిగించాలి. డబ్బా మీద ఐపీ 65 అని ఉంది. వాన, బురద, పైపు పెట్టి కడగడం అన్నీ తట్టుకోవాలి. బార్‌కి డ్రిల్ వేయొచ్చా? స్టీరియో నుంచే నడపాలా, విడిగా ఆంప్ (యాంప్లిఫయర్) కావాలా?

రోల్‌బార్:
డ్రిల్ ఊసే ఎత్తకండి. బండి బోల్తా పడితే తలలు కాపాడే పైపు అది. రంధ్రం పడ్డచోట బలం తగ్గుతుంది, లోపలికి చేరిన తడి బయటికి కనపడకుండా తుప్పు పట్టిస్తుంది. పైపు బయటి వ్యాసం కాలిపర్‌తో కొలిచి, ఆ సైజు క్లాంపులు పాడ్‌కి రెండేసి తీసుకోండి. మధ్యలో 2 ఎంఎం రబ్బరు పట్టీ, పైన నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉన్నవి). మామూలు నట్లు గతుకులకి వదులవుతాయి. రబ్బరు నలిగి కూర్చుంటుంది కాబట్టి నాలుగు రోజులు తిరిగాక ఇంకోసారి బిగించాలి. వెనక సీట్లో మనిషిని కూర్చోబెట్టి తలకి తగలట్లేదని, బెల్టుకి అడ్డం రావట్లేదని చూశాకే చివరి బిగింపు.

స్పీకర్ మొహం ముందుకు, కాస్త కిందికి వాలి ఉండాలి. పైకి చూస్తే కోన్ (స్పీకర్‌లో కదిలే పొర) గిన్నెలా నీళ్లు పట్టుకుంటుంది.

వైరింగ్‌బాక్స్:
ఐపీ 65లో 6 అంటే దుమ్ము దూరదు, 5 అంటే నీటిధార తట్టుకుంటుంది. మునిగితే తట్టుకునేది 7. మెలిక ఏంటంటే, చాలా స్పీకర్లకి ఆ రేటింగ్ ముందు మొహానికే. వెనక మాగ్నెట్, టెర్మినళ్లు మన బాధ్యత. అసలు నీళ్లు వచ్చేది వెనకనుంచే, వైరు పట్టుకుని.

అందుకే వైరు పాడ్ కిందినుంచి, కేబుల్ గ్లాండ్‌లోంచి (వైరు చుట్టూ బిగిసి నీళ్లు ఆపే బిరడా) దూర్చండి. దూరే ముందు బెత్తెడు కిందికి వేలాడేలా వంపు తిప్పితే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. వైరు 16 గేజ్, తగరం పూత ఉన్న రాగి. రాగి పూత వేసిన అల్యూమినియం చవగ్గా దొరుకుతుంది గానీ తడి తగిలితే తెల్లపొడిగా రాలిపోతుంది. జాయింట్లకి లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) వాడండి. వేడి చేస్తే రెండు చివర్లా జిగురు సన్నటి ఉంగరంలా బయటికి ఉబకాలి, ఉబకలేదంటే సీల్ కానట్టే. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ టెర్మినళ్ల దగ్గర వద్దు, ఆ ఆమ్లం రాగిని తినేస్తుంది. వాసన లేని న్యూట్రల్ రకం తీసుకోండి.

పాడ్ అట్టడుగున 5 ఎంఎం రంధ్రం ఒకటి వేయండి.

సీల్డ్‌బాక్స్:
గ్లాండ్ పెట్టి అంతా మూశాక మళ్లీ రంధ్రం ఏంటండీ? బాస్ పోదూ?

వైరింగ్‌బాక్స్:
ఎండకి కాగిన పాడ్ మీద చల్లనీళ్లు పడితే లోపలి గాలి ముడుచుకుని, ఏ సందు దొరికితే ఆ సందులోంచి నీళ్లు పీలుస్తుంది. ఎంత మూసినా కొంత దూరుతుంది, పోయే దారి ఉండాలి. లోపల సన్నటి స్టీలు జాలీ పెడితే మట్టి పూడదు. ఆ చిన్న పాడ్‌లో పోవడానికి బాస్ ఎక్కడుంది గనక! దూది, స్పాంజి మాత్రం లోపల కుక్కకండి, తడి పట్టుకుని వదలవు.

బాస్‌బండి:
ఆంప్ ఉంటేనే మంచిది. స్టీరియో మీద 50x4 (నాలుగు ఛానెళ్లు, ఒక్కోదానికి 50 వాట్లు) అని రాసినా నికరంగా ఛానెల్‌కి 20 వాట్ల ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే పవర్) దరిదాపులే. టాప్ లేని బండిలో గాలిహోరుకి అది చాలదు. 50 నుంచి 75 వాట్ల మెరైన్ ఆంప్ (పడవల కోసం, తడి తట్టుకునేలా చేసింది) సీటు కింద, నేలకి తగలకుండా ఎత్తుగా పెట్టండి. ఫ్యూజు బ్యాటరీకి అడుగున్నర లోపే ఉండాలి. హై పాస్ (లోతైన బాస్‌ని ఆపే ఫిల్టర్) 100 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. అంతకన్నా కిందికి పంపితే కోన్ ఊగడమే తప్ప వినపడేది ఉండదు.

ఆంప్ వద్దనుకుంటే 400 మైక్రోఫారడ్ల నాన్ పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) కెపాసిటర్ ప్లస్ వైరులో వేయండి, 4 ఓమ్‌ల స్పీకర్‌కి సుమారు 100 హెర్ట్జ్ దగ్గర కోత మొదలవుతుంది. కొత్త జతని ముందు స్పీకర్ల వైర్లకి కలిపేయకండి. రెండు 4 ఓమ్‌లు పక్కపక్కన చేరితే 2 అవుతుంది, 4 ఓమ్‌ల స్టీరియో వేడెక్కి ఆగిపోతుంది. వెనక అవుట్‌పుట్ వేరే ఉంటుంది, అది వాడండి.

స్పీకర్ మైనస్‌ని బాడీకి ఎర్త్ చేయడం ఇంకా పెద్ద తప్పు. ఇప్పటి స్టీరియోల్లో ప్లస్, మైనస్ రెండిటి మీదా 6 వోల్టుల దాకా ఉంటాయి. బాడీకి తగిలితే చిప్ కాలొచ్చు. వైరు రేకులోంచి వెళ్లే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే ఉంగరం) పెట్టమనేది అందుకే. ఇన్సులేషన్ అరిగినా జరిగేది అదే.

మూసేముందు 1.5 వోల్టుల సెల్ ఒక్క క్షణం తాకించి చూడండి. సెల్ ప్లస్ స్పీకర్ ప్లస్‌కి తగిలితే కోన్ బయటికి రావాలి. రెండో స్పీకరూ అటే కదలాలి.

మట్టిబాట:
అర్థమైంది. బురద పడ్డాక గరగరమంటే?

రోల్‌బార్:
ముందు గ్రిల్ ఊడదీయండి. ఎండిన మట్టిపెళ్లో, వదులైన స్క్రూనో కావచ్చు. రెండూ కాకపోతే స్టీరియో ఆపి, కోన్ చుట్టూ వేళ్లు ఆనించి సమానంగా లోపలికి నొక్కండి. నున్నగా దిగితే కాయిల్ (కోన్ వెనకుండి దాన్ని కదిపే తీగచుట్ట) బాగున్నట్టు. ఇసుక రాసుకున్నట్టు తగిలితే మట్టి కాయిల్ సందులోకి చేరింది, ఇక ఆ స్పీకర్ మార్చుకోవడమే. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టి కొట్టినా ఇదే గతి.