వచ్చిన ప్రశ్నలే తప్పు పెడుతున్నాను: నీట్ ట్విస్టుల మీద చర్చ

లాంగ్‌టర్మ్_రెండోసారి:
అందరికీ నమస్తే. బైపీసీ అయ్యాక ఇది నా రెండో లాంగ్ టర్మ్, అంటే నీట్ కోసం మళ్లీ కోచింగ్. ఆదివారం గ్రాండ్ టెస్ట్‌లో 31 తప్పులు పోయాయి. హాస్టల్‌కి వచ్చి పేపర్ ముందేసుకుని చూస్తే వాటిలో 19 నాకు బాగా వచ్చినవే. రావాల్సిన 4 పోయి, పైన నెగటివ్ 1 పోయి, ఒక్కోదానికి 5 చొప్పున మొత్తం 95 మార్కులు. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు.

ఒకటి చెబుతాను. భార్యాభర్తలిద్దరికీ చూపు మామూలే. భార్య తండ్రికి వర్ణాంధత్వం ఉంది. వాళ్ల కొడుక్కి వర్ణాంధత్వం వచ్చే సంభావ్యత ఎంత? నేను 1/4 పెట్టాను. కీలో 1/2 ఉంది. పోయిన నెల ఇలాంటి ప్రశ్నకే 1/2 పెడితే కాదు 1/4 అన్నారు. బుర్ర తిరిగిపోతోంది. మీరంతా వీటిని ఎలా దాటారు?

హౌస్‌సర్జన్_కర్నూలు:
తమ్ముడో చెల్లెలో తెలీదు గానీ, ఆ రెండూ ఒకే ప్రశ్న కాదు. తండ్రి దగ్గర నుంచి వచ్చిన లోపం వల్ల ఆమె వాహకురాలు, అంటే ఆమె రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకదానిలోనే లోపం ఉంది. ‘కొడుక్కి’ అన్నారంటే పుట్టింది మగబిడ్డ అని ప్రశ్నే చెప్పేసింది. ఇక తేలాల్సింది తల్లి నుంచి ఏ ఎక్స్ వచ్చిందన్నదే. కాబట్టి 1/2. ‘పుట్టబోయే బిడ్డ వర్ణాంధత్వం ఉన్న కొడుకు అయ్యే సంభావ్యత’ అని అడిగితే ముందు మగబిడ్డ కావాలి, అది ఒక సగం. అందులో మళ్లీ సగం, 1/4.

ఇలాంటిదే ఇంకో ట్విస్ట్: ఆల్బినిజం (చర్మానికి, జుట్టుకి రంగు రాని లోపం) వాహకులైన దంపతులకి ఆ లోపం లేని బిడ్డ పుట్టింది. ఆ బిడ్డ వాహకురాలయ్యే అవకాశం? అందరూ 1/2 అంటారు. కానీ లోపం ఉన్న నాలుగో వంతుని ప్రశ్నే తీసి పక్కన పెట్టింది. మిగిలిన మూడు వంతుల్లో రెండు వాహకులు, అందుకే 2/3. నేనైతే పేపర్‌లో బిడ్డ, కొడుకు, కూతురు అన్న మాట ఎక్కడ కనపడినా పెన్నుతో సున్నా చుట్టేదాన్ని. చదివేటప్పుడు పిచ్చిపనిలా ఉంటుంది, పరీక్షలో మాత్రం కాపాడింది.

తెలుగుమీడియం:
అక్కా, మీరు చెప్పింది కరెక్టే. మాకు ఇంకో బాధ అదనం. నేను తెలుగు బుక్‌లెట్ తీసుకుని రాశాను. పక్కనే ఇంగ్లిష్ కూడా ఉంటుంది, రెండింటికీ తేడా వస్తే ఇంగ్లిష్‌దే ఫైనల్. ఇబ్బంది అనువాదం కాదు, కంగారు. ‘సరైనది గుర్తించండి’, ‘సరికానిది గుర్తించండి’. మధ్యలో ఉన్నది ‘కాని’ అనే రెండక్షరాలు. బయాలజీ 90 ప్రశ్నలు పరిగెత్తిస్తూ చదివేవాడికి అవి కనపడవు. మొదటి ఆప్షన్ కరెక్ట్ వాక్యమే అని తెలియగానే చెయ్యి ఓఎంఆర్ జవాబు పత్రం మీదికి వెళ్లిపోతుంది. ఫిజిక్స్‌లో జడత్వ భ్రామకం, బల భ్రామకం కూడా అంతే. ఒకటి చదివి ఇంకోదాని ఫార్ములా వేసిన రోజులున్నాయి.

ఫిజిక్స్_మాస్టారు:
సున్నాలు చుట్టడం మంచిదే, కానీ దానితోనే పని అయిపోదు. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి పాఠం చెప్పినవాణ్ణి, ఒక లెక్క ఇస్తాను. కారు సగం దూరం గంటకి 40 కిలోమీటర్ల వేగంతో, మిగతా సగం 60తో వెళ్లింది. సగటు వేగం? క్లాసులో సగం మంది 50 అంటారు. 120 కిలోమీటర్ల ప్రయాణం అనుకోండి. మొదటి 60కి గంటన్నర, తర్వాతి 60కి గంట. 120ని రెండున్నరతో భాగిస్తే 48. సగం సమయం 40తో, సగం సమయం 60తో వెళ్తే అప్పుడు 50. మీరు చేయబోయే తప్పు పేపర్ సెట్ చేసేవాడికి ముందే తెలుసు నాయనా. అందుకే 50 ఆప్షన్లలో తప్పకుండా ఉంటుంది.

కెమిస్ట్రీలో 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ అడిగితే 8 కనపడగానే సంతోషపడేవాళ్లూ ఇలాంటివాళ్లే. ఆమ్లాన్ని ఎంత పల్చన చేసినా క్షారం అవుతుందా? నీటి నుంచే దాదాపు 10⁻⁷ హైడ్రోజన్ అయాన్లు వస్తాయి కదా, వాటిని వదిలేశారు. జాగ్రత్తగా కడితే 6.98 వస్తుంది. పరీక్షలో అంత కట్టక్కర్లేదు, 7కి కొంచెం తక్కువ అని తెలిస్తే ఆప్షన్ దొరుకుతుంది.

ఎర్రపెన్ను:
మాస్టారూ, తప్పుగా అనుకోవద్దు, ఇదంతా ఇంట్లో కూర్చుని చేస్తే బాగుంటుంది. 2025 నుంచి 180 ప్రశ్నలకి 180 నిమిషాలే. ముందు నాలుగేళ్లలా సెక్షన్ బిలో వచ్చిన ప్రశ్నలు ఏరుకునే వీలు లేదు. ట్విస్ట్ కనపడితే వదిలేసి ముందుకెళ్లడమే నా పద్ధతి.

నెల్లూరు_నాన్న:
మా అమ్మాయికి కోచింగ్‌లో తెలియకపోతే అసలు బబుల్ చేయొద్దని చెప్పారట. అది సరైనదేనాండీ?

ఫిజిక్స్_మాస్టారు:
లెక్క చూడండి. ఏమీ తెలియకుండా నాలుగింట్లో ఒకటి పెడితే, నాలుగు ప్రశ్నలకి సగటున ఒకటి తగిలి 4 వస్తాయి, మూడు పోయి 3 పోతాయి. ప్రశ్నకి పావు మార్కు లాభమే. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే ఒకటిన్నర. కానీ ట్విస్ట్ ఉన్న ప్రశ్నలో ఈ లెక్క పనిచేయదండీ. అక్కడ మనం గుడ్డిగా పెట్టం, మనసు లాగిన వైపు పెడతాం. ఉచ్చు ఉండేది సరిగ్గా అక్కడే.

తెలుగుమీడియం:
ఒక్కోసారి ప్రశ్నలోనే తకరారు ఉంటుంది. 2024లో పరమాణువుల మీద వచ్చిన రెండు స్టేట్‌మెంట్ల ప్రశ్న గుర్తుందా? ‘ప్రతి మూలకపు పరమాణువులూ స్థిరంగా ఉంటాయి’ అన్న వాక్యం పాత ఎన్‌సీఈఆర్‌టీ చదివినవాళ్లకి కరెక్ట్. రేడియోధార్మిక మూలకాలు గుర్తొచ్చినవాళ్లకి తప్పు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి, ఐఐటీ ఢిల్లీ నిపుణులు ముగ్గురు చూసి, రెండో స్టేట్‌మెంట్ తప్పన్నదే సరైన జవాబని తేల్చారు. 720కి 720 వచ్చినవాళ్లలో కొంతమంది ర్యాంకులు దానితో మారిపోయాయి. మా రూమ్‌మేట్‌కి కూడా 5 మార్కులు కోత పడ్డాయి. పాపం, వాడు పాత పుస్తకం అక్షరం పొల్లుపోకుండా చదివాడు.

హౌస్‌సర్జన్_కర్నూలు:
అందుకే పాత సీనియర్ల పుస్తకాలు తీసుకునేవాళ్లు కొత్త ఎడిషన్ పక్కన పెట్టుకుని ఒకసారి సరిచూసుకోండి. మొత్తం కొత్తగా కొనక్కర్లేదు, ఎవరి దగ్గరైనా అడిగినా సరిపోతుంది.

లాంగ్‌టర్మ్_రెండోసారి:
అందరికీ థాంక్స్. అక్కా, తమ్ముణ్ణే. ఇవాళ్టి నుంచి తప్పుల నోట్‌బుక్‌లో ‘రాలేదు’, ‘సరిగ్గా చదవలేదు’ అని రెండు పేజీలు విడదీస్తున్నాను. మాస్టారూ, ఇంకొక్కటి. కెపాసిటర్ పలకల మధ్య స్థిరాంకం 2 ఉన్న డైఎలెక్ట్రిక్ (కరెంటు పారనివ్వని పదార్థం) దూర్చితే శక్తి రెట్టింపు అవుతుందని పెట్టాను. కీలో సగం అని ఉంది. కీ తప్పేమో అనిపిస్తోంది.

ఫిజిక్స్_మాస్టారు:
బ్యాటరీ ఉంచారా, తీసేశారా? ఉంచితే వోల్టేజ్ మారదు, ఆవేశం రెట్టింపై శక్తీ రెట్టింపవుతుంది. తీసేస్తే ఆవేశం ఎటూ పోలేదు, వోల్టేజ్ సగమై శక్తి సగమవుతుంది. ప్రశ్న మొత్తం టైప్ చెయ్యి.

లాంగ్‌టర్మ్_రెండోసారి:
ఇప్పుడే చూశాను సార్. ‘బ్యాటరీని తొలగించిన తర్వాత’ అని ఉంది. మొదటి లైన్‌లోనే.