స్టూడియోకి ఒకసారి పిలిచారు, మళ్లీ పిలవలేదు. లోపం చేతిలోనా, తీరులోనా?

కిక్‌పెడల్24
అందరికీ నమస్తే. రాజమండ్రి నుంచి హైదరాబాద్ వచ్చి రెండేళ్లయింది. ఆర్కెస్ట్రాల్లో, కాలేజీ ఫెస్టుల్లో డ్రమ్స్ వాయిస్తాను. మార్చిలో మొదటిసారి స్టూడియో పిలుపు వచ్చింది. రెండు పాటలు, రెండూ మూడో టేక్‌కే ఓకే. తర్వాత ఒక్క ఫోన్ లేదు. నాతోపాటు వచ్చిన ఫ్రెండ్ డబుల్ పెడల్ కూడా సరిగ్గా తొక్కలేడు, అతనికి మాత్రం నెలకి నాలుగైదు కాల్స్. మనిషిని చూసి పిలుస్తారా, వాయించడం చూసి పిలుస్తారా? సొంత స్నేర్ (కిట్ మధ్యలో పెట్టుకునే చిన్న డ్రమ్) కొనుక్కోవాలా? పాటకి ఎంత అడగాలి?

ఫేడర్‌మ్యాన్
పదకొండేళ్లుగా డ్రమ్స్ రికార్డ్ చేస్తున్నాను. మైకులు పెట్టడానికే నాకు గంట పడుతుంది. డ్రమ్స్ పైన పెట్టే రెండు ఓవర్‌హెడ్ మైకులూ స్నేర్‌కి ఒకే దూరంలో ఉండాలని టేపు పట్టి కొలుస్తాను. డ్రమ్మర్ ఎలాంటివాడో ఆ గంటలోనే తెలిసిపోతుంది. నేను ఫ్లోర్ టామ్ (నేల మీద నిలబెట్టే పెద్ద డ్రమ్) దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఉంటే నా చెవి పక్కనే రోల్స్ వాయించేవాళ్లు ఉన్నారు. ఒకబ్బాయి మాత్రం "కిక్ ఒక్కటే" (కాలితో కొట్టే డ్రమ్) అంటే నేను చాలనేదాకా ఒకే బలంతో కొట్టాడు. రెండో టామ్ మోగుతూనే ఉందని నేను అనకముందే కీ తీసి ట్యూన్ చేసి, మోత తగ్గించే జెల్ ముక్క అంటించాడు. గొప్ప వాయిద్యకారుడేం కాదు. కానీ "ఎవర్ని పిలుద్దాం" అని వాయిద్యకారుల్ని పిలిచే కోఆర్డినేటర్ అడిగితే నా నోట వచ్చేది అతని పేరే.

బెజవాడబీట్
మంచోడైతే చాలనుకునే నేను మునిగాను. అందరికీ నేనంటే ఇష్టం, అన్నా అన్నా అనేవారు. ఒకరోజు 62 బీపీఎమ్ (నిమిషానికి 62 బీట్లు) మెలొడీ ఇచ్చారు. ఫిల్ (పాటలో భాగాల మధ్య వాయించే చిన్న ముక్క) వచ్చిన ప్రతిసారీ ముందుకి పరిగెత్తాను. పదిహేడు టేకులు. ఎవరూ ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధ. భోజనం చేసి వచ్చేసరికి ఇంకో అబ్బాయి కిట్ ముందు కూర్చున్నాడు. 60లో అయితే బీటుకీ బీటుకీ మధ్య పూర్తిగా ఒక సెకను ఖాళీ. స్పీడు పాటలో దాక్కోవచ్చు, అక్కడ దాక్కోలేం. ఆ తర్వాత ఏడాదిపాటు క్లిక్‌ని (చెవిలో తాళం చెప్పే టక్‌టక్ శబ్దం) రెండో బీటు, నాలుగో బీటు మీదే పెట్టుకుని సాధన చేశాను. ఒకటి, మూడు నేనే మోయాలి. ఇప్పుడు పిలుస్తున్నారు.

లయగురువు
క్లిక్ కావాల్సి వస్తే అది లయే కాదు. ఇరవై రెండేళ్లుగా మృదంగం, పదిహేనేళ్లుగా డ్రమ్స్. ఖండం, మిశ్రం, సంకీర్ణం, ఏ నడకైనా నిద్రలో లేపినా వాయిస్తాను. పాత రోజుల్లో చెన్నైలో పెద్ద ఆర్కెస్ట్రా అంతా ఒకే హాల్లో కూర్చుని పాటంతా ఒకే టేక్‌లో వాయించేవారు. అప్పుడు ఎవరి చెవిలో క్లిక్ ఉంది?

ఫేడర్‌మ్యాన్
వాళ్ల ముందు కండక్టర్ ఉండేవారు గురువుగారూ. అందరి కళ్లూ ఆ చేతి మీదే. ఒక్కరు తప్పితే అందరూ మొదటి నుంచి వాయించాలి, అందుకే అంత క్రమశిక్షణ. ఇప్పుడు స్ట్రింగ్స్ ఇంకో రోజు చెన్నైలోనో, బుడాపెస్ట్‌లోనో రికార్డ్ అవుతాయి. వాళ్లకి మీ చెయ్యి కనపడదు, క్లిక్ ఒక్కటే వినపడుతుంది.

లయగురువు
నాకు రికార్డింగ్ పాఠాలు అక్కర్లేదు. మిషన్‌కి బానిసలై వాయిస్తున్నారు కాబట్టే పాటలన్నీ ఒకేలా ఉన్నాయి.

బెజవాడబీట్
నన్ను బానిస అన్నారా? ఏడాది కష్టపడి నేర్చుకున్నదాన్ని అలా తీసిపారేయకండి. క్లిక్ మీద ఉంటూనే స్నేర్‌ని ఒక వెంట్రుకవాసి వెనక్కి లాగితే పాట ఎంత హాయిగా కూర్చుంటుందో మీరోసారి వాయించి చూడండి.

ఎడిసన్‌బ్యాక్‌బీట్
న్యూజెర్సీ నుంచి. లాస్ ఏంజెలెస్‌లో హాల్ బ్లెయిన్ వేలకొద్దీ రికార్డులకి వాయించారు, చాలా కవర్ల మీద ఆయన పేరే లేదు. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పక్కవాద్యకారులకి విడిగా చోటిచ్చినప్పుడు తొలి విడతలోనే తీసుకున్నారు. ఇక తీరు సంగతికొస్తే రింగో స్టార్‌ని చూడండి. 1962 సెప్టెంబరులో బీటిల్స్ తొలి సింగిల్ రికార్డింగ్‌కి వేరే డ్రమ్మర్‌ని తెప్పించి, రింగో చేతికి టాంబరిన్ ఇచ్చారు. మనసు గాయపడింది, అయినా లేచి వెళ్లిపోలేదు.

విశాఖసింబల్
ఉదాహరణ తప్పు. రింగో బ్యాండ్ మనిషి. ఆ రోజు సెషన్ డ్రమ్మర్ ఆండీ వైట్. చెప్పింది వాయించి ఇంటికి వెళ్లిన మనిషి గురించి మాట్లాడండి, ఈ వృత్తి అది.

ఇంకో మాట. డ్రమ్మర్ తీరు గురించే అందరూ రాస్తున్నారు, అవతలివాళ్ల తీరో? రాత్రి పదింటికి సెషన్ అంటే "ఇంట్లో ఒప్పుకుంటారా?" అని నన్నే అడుగుతారు, మగవాళ్లని అడగరు. ఒక సినిమాకి నేను వాయించిన ట్రాక్ తీసేసి ఎలక్ట్రానిక్ ప్యాడ్స్ పెట్టారు, పాట విడుదలయ్యాకే నాకు తెలిసింది.

నన్ను నిలబెట్టింది ఒక కాగితం. డెమో వింటూ పల్లవి 8, బీజీఎమ్ (మధ్యలో వచ్చే వాద్య సంగీతం) 16, చరణం 12 అని బార్లు (తాళం ఆవర్తాలు) రాసుకుంటాను. ఒకసారి మ్యూజిక్ డైరెక్టర్ ఆఖరి నిమిషంలో రెండో బీజీఎమ్‌లో నాలుగు బార్లు తీసేశారు. నేను 16 మీద గీత కొట్టి 12 అని రాసుకున్నాను. మొదటి టేక్ ఓకే. ఆయన కంట్రోల్ రూమ్ నుంచి బయటికొచ్చి ఆ కాగితం అడిగి చూశారు. ఆరోజు నుంచి ఆయన పాటలన్నిటికీ నాకే ఫోన్.

ఇంటిస్టూడియో
నేను ఇంట్లోనే రికార్డ్ చేసి ఫైళ్లు పంపుతాను, రెండేళ్లుగా ఒక్కర్నీ కలవలేదు. ఇక తీరుతో పనేముంది?

ఫేడర్‌మ్యాన్
ఉంది. "ఆడియో 37 ఫైనల్ కొత్తది" అని పేరు పెట్టి, మొదటి బార్ నుంచి కాకుండా మధ్యలో మొదలయ్యే ఫైళ్లు పంపితే వాటిని సర్దడానికి నా రాత్రి పోతుంది. మళ్లీ ఆ మనిషి పేరు నేను చెప్పను.

కిక్‌పెడల్24
క్లిక్ విషయంలో నాకు ఇబ్బంది లేదన్నా. ఆ రోజు అరేంజర్ (ఏ వాద్యం ఏం వాయించాలో చెప్పేవారు) చెప్పిన ప్యాటర్న్ మామూలుగా ఉందని, ఇంకా మంచిది ఉందని వాయించి చూపించాను. వద్దన్నారు. బ్రేక్‌లో కిట్ దగ్గర చిన్న వీడియో తీసి ఇన్‌స్టాలో పెట్టాను, అంతే.

ఫేడర్‌మ్యాన్
వీడియోలో పాట వినిపించిందా?

కిక్‌పెడల్24
వెనక పది సెకన్లు.

ఫేడర్‌మ్యాన్
తమ్ముడూ, విడుదల కాని పాట అది. ఫోన్ రాకపోవడానికి కారణం అదే. ఇవాళే కోఆర్డినేటర్‌కి ఫోన్ చేసి నేరుగా క్షమాపణ అడుగు. మెసేజ్ పెట్టకు.

విశాఖసింబల్
ప్యాటర్న్ చూపించడం తప్పు కాదు. ముందు ఆయన అడిగింది ఒక టేక్ పూర్తిగా వాయించు, తర్వాత "ఇంకోటి వినిపించనా సార్" అని అడుగు.

లయగురువు
ఈ విషయంలో మీ ఇద్దరితో ఏకీభవిస్తాను. క్లిక్ విషయంలో మాత్రం కాదు.

బెజవాడబీట్
తమ్ముడూ, స్నేర్ ఇప్పుడే కొనకు. నా దగ్గర 14 బై 6.5 అంగుళాల స్టీల్‌ది ఖాళీగా ఉంది. ఆదివారం అమీర్‌పేట వస్తున్నా, వచ్చి తీసుకెళ్లు. కింది హెడ్ (డ్రమ్‌కి బిగించే పొర) మాత్రం మార్చుకోవాలి. రేటు సంగతి కలిసినప్పుడు చెబుతా.

కిక్‌పెడల్24
వస్తానన్నా. ఫోన్ చేశాను, ఎత్తలేదు. సాయంత్రం మళ్లీ చేస్తాను.