సమస్యాపూరణం: "బండికంటె బెల్టు బరువు సుమ్మి"

నిర్వాహకుడు:

మిత్రులారా, ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

*బండికంటె బెల్టు బరువు సుమ్మి*

టన్ను తూగే కారెక్కడ, చేతిసంచిలో పట్టే రబ్బరు పట్టీ ఎక్కడ! ఆ పొంతన కుదిరేలా ముందు మూడు పాదాలు రాయడమే మీ పని. విషయం మాత్రం దాటకండి: పాత కారుకు టైమింగ్ బెల్టు మార్పించడం, దానికయ్యే ఖర్చు. ఇంజనులో గాలి వచ్చిపోయే దారుల్ని తెరిచి మూసే వాల్వులనూ, పిస్టన్లనూ ఒకే తాళంలో నడిపే పళ్ళ పట్టీయే ఈ బెల్టు. నా 12 ఏళ్ల కారుకు మొన్న ఇదే ప్రశ్న ఎదురైంది. చెప్పిన మొత్తం విని రెండు రాత్రులు ఆలోచించాను. ఆ ఆలోచనలోంచే ఈ పాదం పుట్టింది.

కొత్తవారి కోసం: బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. (గురు, లఘువుల చిన్న గుంపులే గణాలు. గలము సూర్యగణం; రగణం, తగణం, నలము ఇంద్రగణాలు.) యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి, నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర. దానికి బదులు రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి చెల్లుతుంది.

పూరణ 1 (గ్యారేజీలో పనిచేసే తమ్ముడు)

చేతి కందు బెల్టు చిన్నదె యైనను
విప్పి బిగియఁగట్టు వేళ హెచ్చు
కూలి లెక్క చూడ గుండె బరువగును
బండికంటె బెల్టు బరువు సుమ్మి

నిర్వాహకుడు:

పని చేసే చేతులు రాసిన పద్యమని తెలిసిపోతోంది. బిల్లులో బెల్టు వాటా చిన్నది, కూలి వాటా పెద్దది. ఎందుకో రెండో పాదం చెప్పేసింది. బెల్టు ఇంజను పక్కన మూతల వెనక దాగి ఉంటుంది. దాన్ని చేరాలంటే ముందు బయటి బెల్టులు తీయాలి, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) చివరి పుల్లీ ఊడదీయాలి. చాలా కార్లలో ఇంజనుకు కింద జాకీ పెట్టి దాన్ని పట్టి ఉంచే ఒక మౌంటు కూడా విప్పాలి. గుర్తులు కలిపి కొత్త బెల్టు వేశాక క్రాంకును చేత్తో నిండుగా రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూసుకోవాలి. ఇవన్నీ చేయకుండా తక్కువకు చేసేస్తానన్నవాణ్ణి నేను నమ్మను.

ఒక్క సవరణ. "బరువు" అనే మాట సమస్యలోనే ఉంది. మూడో పాదంలో ముందే వాడేస్తే నాలుగో పాదం చప్పబడుతుంది. "గుండె ఝల్లుమనెను" అంటే? గుండెఝల్ రగణం, ల్లుమనెను నలము. కూ-గు యతి అలాగే నిలుస్తుంది.

తమ్ముడు:

చక్కగా ఉంది గురువుగారూ, మార్చుకున్నాను.

పూరణ 2 (బడిలో తెలుగు చెప్పే అక్కగారు)

తెగిన నాఁడు గాని తెలియదు మూల్యము
వాల్వు లన్ని వంగి వరుస తప్పె
ఇంజ నంత విప్ప నింకొక కారగు
బండికంటె బెల్టు బరువు సుమ్మి

నిర్వాహకుడు:

అక్కా, ఇది చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. "మూల్యము" అన్న ఒక్క మాటలో వెల, శిక్ష రెండూ ఇమిడాయి. విప్పన్ + ఇంకొక అని విడదీస్తే ఇ-ఇ యతి కుదిరింది. "వాల్వు" అచ్చంగా గలము. కవాటమని రాసి ఉంటే, ఈ గణాల్లో లేని జగణం ఎదురై పాదం మొదట్లో ఇమిడేదే కాదు. వాడుకమాట ఛందస్సునే కాపాడిన చోటు ఇది.

ఇలాంటిదే నాకూ ఒకప్పుడు జరిగింది. అంతకు ముందున్న కారు, నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది. హెచ్చరిక లేదు, చప్పుడు లేదు. హెడ్ (ఇంజను పై భాగం) దించి చూస్తే వాల్వులు వంగి ఉన్నాయి. బెల్టు మార్పించడానికి అడిగిన మొత్తం అప్పుడు ఎక్కువనిపించి వాయిదా వేశాను. తర్వాత కట్టింది దానికి ఎన్నో రెట్లు. ఆ కారును ఇక నిలబెట్టుకోలేకపోయాను.

తమ్ముడు:

అక్కగారి పద్యానికి చిన్న వివరణ. అన్ని ఇంజన్లలోనూ వాల్వులు వంగవండీ. కొన్నింట్లో పూర్తిగా తెరుచుకున్న వాల్వుకు, పైకి వచ్చిన పిస్టనుకు మధ్య జాగా ఉంటుంది. అక్కడ బెల్టు తెగితే బండి ఆగుతుంది, అంతే. కొత్త బెల్టు వేస్తే మళ్ళీ నడుస్తుంది. రెండూ ఒకే జాగాలోకి వేర్వేరు క్షణాల్లో వచ్చిపోయే ఇంజన్లలోనే ఈ ప్రమాదం. మనది ఏ రకమో ముందే కనుక్కోవాలి. ఖర్చు లెక్క మొత్తం దాని మీదే ఉంటుంది.

అక్కగారు:

మంచి మాట చెప్పావు నాన్నా. "వాల్వులన్ని" అనడం కూడా కొంచెం అతిశయోక్తే, కొన్నే వంగవచ్చు. కవిత్వానికి ఆ మాత్రం ఉండనిద్దామా?

నిర్వాహకుడు:

ఉండనిద్దాం. హెడ్ దించాక ఎన్ని వంగాయన్నది చిన్న తేడానే.

పూరణ 3

క్రాంకు రెండు మార్లు కామొక్క మారుగ
తిరుగునట్లు చూచు తీఁగ యిదియె
పళ్ళు రెండు జాఱి పట్టు తప్పిన చాలు
బండికంటె బెల్టు బరువు సుమ్మి

నిర్వాహకుడు:

యంత్రం గుట్టును రెండు పాదాల్లో చెప్పారు. క్రాంకు నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే వాల్వుల్ని తెరిచే ఇరుసైన కామ్ 1,500 తిరుగుతుంది. అంటే ప్రతి వాల్వూ సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఆ తాళం తప్పకుండా కాసేది ఈ పళ్ళ పట్టీయే. "తీఁగ" అన్న పోలిక నాకు ఎంతో నచ్చింది. గొలుసుల, గేర్ల పనిని ఈ రబ్బరు తీగకు అప్పగించి పెద్ద ఎత్తున తయారైన తొలి కారుగా 1962 నాటి జర్మన్ కారు గ్లాస్ 1004ను చెబుతారు. చప్పుడు తగ్గింది, తయారీ ఖర్చూ తగ్గింది. కాలం తీరాక మార్చే భారం మాత్రం యజమానికి వచ్చింది.

పూరణ 4

డబ్బు పోవు ననుచు టైమింగు బెల్టును
మార్చకున్న రేపు మనకు ముప్పు
దారి నడుమ నాగి తలపట్టుకొను నాఁడు
బండికంటె బెల్టు బరువు సుమ్మి

నిర్వాహకుడు:

"టైమింగు" తగణం. ఆటవెలదిలో బేసి పాదాల నాలుగు, ఐదు గణాల్లో తప్ప ఇంకెక్కడా పట్టదు. దాన్ని యతిస్థానంలో నిలిపి డ-టై మైత్రి సాధించారు. భేష్.

పూరణ 5 (తొలిసారి రాస్తున్న సభ్యుడు)

పంపు టెన్షనరును పాతవి వదలకు
ఒక్క సారి విప్పి యొకటె కూలి
మళ్ళి విప్పు వేళ కూలి రెట్టింపగు
బండికంటె బెల్టు బరువు సుమ్మి

నిర్వాహకుడు:

బాబూ, భావం బంగారం. నీళ్ళ పంపును చాలా ఇంజన్లలో ఈ బెల్టే తిప్పుతుంది. బెల్టు మార్చి పాత పంపు వదిలేస్తే, అది ఆరు నెలలకు కారినా అదే పని మొదటి నుంచీ. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనరు బేరింగు పట్టేసినా కొత్త బెల్టు తెగుతుంది. ఆయిల్ సీళ్ళు కారుతుంటే అవీ అప్పుడే మార్చాలి, నూనె తగిలిన బెల్టు త్వరగా పాడవుతుంది. ఇవన్నీ కలిసిన కిట్టుకు పెట్టేది ఎక్కువనిపించినా కూలి ఒక్కసారే.

గణాలన్నీ సరిపోయాయి. మూడో పాదంలో మాత్రం మ-కూ యతి చెల్లదు. ళ్ళకు లకు ప్రాసయతీ కుదరదు. మీరే సవరించి మళ్ళీ పెట్టండి.

పూరణ 6

పాత కారు విలువ పడిపోయె నేఁడని
బెల్టు మార్ప నేల వెఱ్ఱి యనకు
నడుచు నెన్ని యేండ్లొ నమ్మకముగ నది
బండికంటె బెల్టు బరువు సుమ్మి

అక్కగారు:

ఇక్కడ బరువంటే ఖర్చు కాదు, విలువ. పాదానికి అర్థమే మారిపోయింది! బె-వె యతి కూడా చక్కగా పడింది.

నిర్వాహకుడు:

నా రెండు రాత్రుల ఆలోచన ఇదే. అమ్మితే ఎంతొస్తుందన్న లెక్కతో చూస్తే పాత కారుకు బెల్టు ఎప్పుడూ దండగే. ఇంకా ఎన్నేళ్ళు నడుపుతానన్న లెక్కతో చూడాలి. అడుగు తుప్పు పట్టి, ఇంజను నూనె తాగుతుంటే ఆ డబ్బు పెట్టొద్దనే అంటాను. మిగతావన్నీ గట్టిగా ఉంటే పెట్టాలి. గడువు ఇంజనును బట్టి మారుతుంది, చాలావాటికి 60,000 నుంచి 1,60,000 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. దాంతోపాటు ఏళ్ళ గడువూ ఉంటుంది, ఏది ముందొస్తే అదే. తక్కువ తిరిగిన కారని ఊరుకోకూడదు, ఇంట్లో నిలబడి ఉన్నా రబ్బరు ముసలిదవుతుంది. చేతులు మారిన కారైతే, బెల్టు మార్చిన రసీదు కనబడకపోతే మార్చలేదనే అనుకోవాలి.

నా కారుకు మార్పించాను. పంపుతో సహా.

పూరణ 5, సవరించినది

గురువుగారూ, ఇప్పుడు చూడండి.

పంపు టెన్షనరును పాతవి వదలకు
ఒక్క సారి విప్పి యొకటె కూలి
మరల విప్పినపుడు మఱియొక కూలియౌ
బండికంటె బెల్టు బరువు సుమ్మి

నిర్వాహకుడు:

మ-మ యతి కుదిరింది. కూలియౌ రగణం, అదీ సరే. తొలి పద్యం నిలబడింది బాబూ.