రోలెక్స్ సబ్‌మెరైనర్ 16610: తయారీ ఆగినా ఆదరణ ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న (కడప): మా చిన్నాయన కువైట్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో కొనుక్కున్న రోలెక్స్ సబ్‌మెరైనర్, అంటే నీటి అడుగున ఈదేవారి కోసం చేసిన గడియారం, 16610 మోడల్‌ది, ఇప్పుడు నా చేతికి వచ్చింది. 2010లో తయారీ ఆగిపోయిన ఈ స్టీలు గడియారాన్ని ఇంతమంది వెతికి మరీ ఎందుకు కొంటున్నారు? నల్లని బెజెల్ (అద్దం చుట్టూ ఉండే వలయం) వెలిసి బూడిదరంగుకు తిరిగింది, మార్పించమంటారా?

జవాబు (కర్నూలు): దయచేసి మార్పించకండి. ఆ బెజెల్ మీది పలక అల్యూమినియంది కాబట్టి ఏళ్ల తరబడి ఎండ తగిలి వెలుస్తుంది. తర్వాత వచ్చిన 116610 మోడల్‌లో సెరామిక్ పలక ఉండటంవల్ల రంగు చెక్కుచెదరదు గానీ, మీ చిన్నాయన చేతిమీద గడిచిన కాలం అందులో కనబడదు. రెండింటి కొలతా 40 మిల్లీమీటర్లే అయినా, పాతదానిలో పట్టీ తగిలించే కొమ్ములు సన్నగా ఉంటాయి, అందుకే అది చొక్కా చేతి అంచు కిందికి సులువుగా ఒదుగుతుంది. నా దృష్టిలో అసలు ఆకర్షణ ఆ సన్నదనమే.

జవాబు (అనంతపురం): లోపలి 3135 యంత్రాన్ని కూడా మరవకూడదు. అది గంటకు 28,800 సార్లు కొట్టుకుంటుంది, దశాబ్దాలపాటు వాడుకలో ఉంది కాబట్టి దాన్ని విప్పి బిగించడం తెలిసిన పనివారు నేటికీ దొరుకుతారు. సర్వీసుకు ఇచ్చేటప్పుడు పాలిష్ వద్దని కాగితం మీద రాయించండి. నా గడియారానికి ఒక దుకాణంలో అడగకుండానే పాలిష్ పట్టి, కొమ్ముల పదునైన అంచులను గుండ్రంగా అరగదీశారు. ఆ లోహం మళ్లీ రాదు. 300 మీటర్ల లోతును తట్టుకునేలా చేసినదే అయినా, రబ్బరు వాషర్లు మార్పించి పరీక్ష చేయించేవరకూ నీటిలో దించకండి.

ప్రశ్న అడిగినవారు: బెజెల్‌ను అలాగే ఉంచుతాను. కొమ్ముల పక్కన చిన్న రంధ్రాలున్నాయి, అవి దెబ్బలేమోనని భయపడ్డాను.

జవాబు (కర్నూలు): దెబ్బలు కావు. పట్టీ పిన్నును బయటినుంచి నెట్టడానికి పాత 16610లకు అలాగే ఉండేవి.