అర్ధాయువు 70 కోట్ల ఏళ్లయితే రియాక్టర్‌లో యురేనియం అంత త్వరగా ఎలా అయిపోతుంది?

మాది రణస్థలం దగ్గర. కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం మాట ఏళ్ల తరబడి వింటున్నాం గానీ, మా మేనకోడలు ఇంటర్ ఫిజిక్స్ పుస్తకం పట్టుకొచ్చి అడిగేసరికి నాకు నోరు పెగల్లేదు. యురేనియం-235 సగం క్షయమవడానికి సుమారు 70 కోట్ల ఏళ్లు పడుతుంది కదా, మరి రియాక్టర్‌లో కొన్నేళ్లకే ఎలా ఖర్చయిపోతుంది?

అర్ధాయువు వరకు పర్లేదు, వంద చింతపిక్కల బద్దలు పళ్లెంలో పోసి, తెల్లవైపు పడినవి ఏరేస్తూ మళ్లీ మళ్లీ వేస్తే ప్రతిసారీ ఇంచుమించు సగం మిగిలాయి, తనకి బాగా ఎక్కింది. విచ్ఛిత్తి దగ్గరే చిక్కు. న్యూట్రాన్ తగిలితే కేంద్రకం చీలి రెండు మూడు న్యూట్రాన్లు బయటికొస్తాయట, సరే, కానీ ఎంత వేడి చేసినా మారని క్షయం వేగం ఉన్న కేంద్రకాన్ని ఒక్క న్యూట్రాన్ ఎలా చీలుస్తుంది? పిక్కలతోనే చూపించే మార్గముంటే చెప్పండి బాబూ, సోమవారం స్లిప్ టెస్టు, దాని కంటే నాకే టెన్షన్.